కొమ్మను విడిచిన తరువాత

కొమ్మ నుంచి తెగిన మామిడికాయ ఆ క్షణంతోనే జీవం కోల్పోదు. అది ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. చుట్టూ ఉన్న గాలిలోని ప్రాణవాయువును తీసుకొని, తనలో దాచుకొన్న పిండిపదార్థాన్నీ చక్కెరనూ కరిగించుకొంటూ, వేడిని, తేమను బయటకు వదులుతూ, మిగిలిన ఆయుష్షును రోజుకు కొంత చొప్పున ఖర్చు చేసుకొంటుంది. చెట్టు మీద ఉన్నంత కాలం వేరు నుంచి నీరు, ఆకు నుంచి ఆహారం అందేవి. ఇక అందవు. వెంట తెచ్చుకొన్న మూటతోనే ప్రయాణం సాగాలి. పండ్లను ‘నిలువ చేస్తున్నాము’ అని మనం అంటాము గాని, వాస్తవానికి చేయగలిగింది ఆ ఖర్చును నెమ్మదింపజేయడం మాత్రమే. ఈ సంగతి మాకు పుస్తకాల వల్ల కాక, తోట వల్ల, అందులోనూ ఒక కష్టకాలం వల్ల బాగా తెలిసివచ్చింది.

కర్నూలు, నంద్యాల ప్రాంతాల పాఠకులకు బనగానపల్లె గురించి చెప్పవలసిన పని లేదు. ఒకప్పటి నవాబుల సంస్థానం. దాని పేరుతోనే దేశమంతా తిరిగే మామిడి. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మార్కెట్టులో దీనికి ఇంకొక పేరు బేనిషాన్. ఉర్దూ వాడుకలో ఉన్న మన ఇళ్లలో ఆ మాటకు అర్థం విడమరచనక్కరలేదు: మచ్చ లేనిది, గుర్తు పడనిది. పలుచని తోలు, నునుపైన పసుపు రంగు, పీచు లేని కండ. అయితే మచ్చ లేనిదని పేరు పొందిన ఈ పండుకే మచ్చ అతి సులువుగా పడుతుంది. తోలు పలుచన కావడమే అందుకు కారణం.

ఆ ఊరికి సమీపంలో మాకు నాలుగు ఎకరాల తోట ఉన్నది. దాదాజాన్ నాటిన చెట్లు. చాలా ఏండ్ల పాటు ఆ తోటను పూత మీదనే గుత్తకు ఇచ్చేవారు. జనవరిలో పూత చూసి వర్తకుడు వెల కట్టేవాడు. ఆపైన కాపు ఎంత నిలిచినా, గాలివానకు ఎంత రాలినా లాభనష్టాలు అతనివే. చుట్టుపక్కల చాలా మంది చేసే పద్ధతే అది. తోట బాధ్యత అబ్బాజాన్ చేతికి వచ్చాక ఆయన దానిని మాన్పించారు. పండ్లలో పక్వత కనబడక మునుపు వాటిని అమ్మడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. అల్లాహ్ ఆ పండును అందనీయకపోతే నీ సోదరుని సొమ్మును దేనికి బదులుగా తీసుకొన్నట్లు అన్నది అందులోని భావం. అబ్బాజాన్ ఈ విషయాన్ని ఇంట్లో ఎవరికీ ఉపన్యాసంగా చెప్పలేదు. ఆ సంవత్సరం వర్తకుడు వస్తే చాయ్ ఇచ్చి, “కాయ ముదరనీయండి భాయ్, అప్పుడు మాట్లాడుదాం” అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఇంటికి కొత్త పని వచ్చి పడింది. కాయను మేమే దింపాలి, మేమే కాపాడాలి, మేమే అమ్మాలి.

గుత్తకు ఇచ్చినన్నాళ్లు, పండు కుళ్లితే అది గిడ్డంగి లోపమో, లారీ ప్రయాణపు లోపమో అని అందరమూ అనుకొనేవాళ్లం. స్వయంగా పని మొదలుపెట్టాక అర్థమైనది వేరు. పండు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చాలా వరకు చెట్టు కిందనే, కోసిన మొదటి గంటలోనే నిర్ణయమైపోతుంది. తరువాత ఎంత చల్లని గదిలో పెట్టినా, ఆ గంటలో తగిలిన దెబ్బ పోదు. అది మూడవ రోజో నాలుగవ రోజో నల్లని మచ్చగా బయటపడుతుంది.

మా తోటలో కాయ దింపే పెద్దాయనది ఈ విషయంలో చాలా కచ్చితమైన పట్టింపు. ఆయనను మేము తాతా అని పిలుస్తాము. ఆయన అబ్బాజాన్‌ను సాయిబూ అంటారు. తోటలోకి రాగానే గెడ పట్టుకోరు. ముందు చెట్లన్నింటినీ చుట్టి వస్తారు. ముచ్చిక దగ్గర కాయ భుజాలు నిండి పైకి ఉబ్బాయా, ముచ్చిక చిన్న గుంటలో కూర్చున్నట్లు ఉందా, ఆకుపచ్చలో కొంచెం లేత ఛాయ వచ్చిందా అని చూస్తారు. చెట్టు మీదే పండి రాలిన కాయ ఒకటి రెండు కనబడితే తృప్తిగా తల ఊపుతారు. మేము నేర్చుకొన్న ఇంకొక పరీక్ష నీళ్ల బకెట్టు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ముదిరే కొద్దీ లోపల పిండిపదార్థం చేరి కాయ నీటికన్నా బరువెక్కుతుంది గనుక. తాత మొదట్లో దీనిని చూసి నవ్వారు. తరువాత తాను ఎంచిన కాయలు ఒక్కటీ తేలకపోవడం చూసి, “చూస్తివా సాయిబూ, నా కన్నుకు నీళ్లు సాక్ష్యం చెప్పినాయి” అని గర్వపడ్డారు.

ఇక సొన సంగతి. కాయ ముచ్చిక విరిగిన వెంటనే చిమ్మే ఆ జిగట ద్రవం ఎంత ఘాటైనదో, ఆవకాయకు కాయలు కొట్టిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. చేతిని కాల్చేది పలుచని తోలును కాల్చకుండా ఉంటుందా? సొన కారిన చోట మొదట ఏమీ కనబడదు. తరువాత చారలు చారలుగా గోధుమరంగు మచ్చ తేలుతుంది. ఆ చోటే బూజుకు తలుపు. అందుచేత చిక్కంతో కాయను లాగి తెంపడం మాన్పించి, చిక్కం అంచుకు కత్తి బిగించాము. అరంగుళానికి తక్కువ కాకుండా తొడిమ కాయతోనే ఉండేటట్లు కోస్తారు. తొడిమ ఉన్నంత వరకు సొన లోపలే ఆగుతుంది. నీడకు చేర్చిన తరువాత తొడిమను కురచగా కత్తిరించి, వెదురు తడికల మీద కాయలను ముచ్చిక కిందికి ఉండేటట్లు బోర్లిస్తాము. సొన కాయ ఒంటి మీద కారకుండా నేలకు కారిపోతుంది. రెండు మూడు గంటలు అలా వదిలి, శుభ్రమైన నీటితో కడిగి, ఆరనిస్తాము.

కోతకు వేళ కూడా ముఖ్యమే. మరీ తెల్లవారుజామున కోస్తే కాయ నీటితో నిండి ఉండి సొన ఎక్కువగా చిమ్ముతుంది. ఎండ ముదిరాక కోస్తే కాయ ఆ వేడినంతా తనలో దాచుకొని వస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే కాయ ఊపిరి వేగం రెండింతలో మూడింతలో అవుతుందని ఉద్యాన శాస్త్రం చెబుతుంది. అంటే మే నెల ఎండలో ట్రేలను రెండు గంటలు వదిలేయడం, తరువాత రావలసిన రోజులను ముందే కాల్చివేయడమే. మంచు ఆరిన తరువాత మొదలుపెట్టి పది గంటలకల్లా ముగించడం మా అలవాటు. కాయ నేలమీద పడితే, పైకి ఏ గాయమూ కనబడకపోయినా, దానిని వేరే గంపలో వేయాలి. ఆ గంప ఆవకాయకో మాగాయకో పోతుంది గాని, అమ్మే పెట్టెలోకి పోదు. ఈ నియమం దగ్గర అబ్బాజాన్ ఎవరి మాటా వినరు.

ఇంత చేసినా చాలని కాలం 2020లో వచ్చింది. మార్చి 25 నుంచి దేశమంతా ఇళ్లలో ఉండిపోయింది. మా తోటలో కాపు ఆ ఏడు బాగా నిలిచింది. రమజాన్ ఏప్రిల్ 25న మొదలైంది. సరిగ్గా కాయ ముదిరే వేళ. బయటి ఊళ్ల వర్తకులు రాలేదు. వచ్చేవారూ కిరాయి లారీ దొరకక, దారిలో ఆపుతారన్న భయంతో, మేము అడగకముందే సగం ధర చెప్పి ఫోను పెట్టేసేవారు. అప్పటికి మా ఊరు కర్నూలు జిల్లాలోనే ఉండేది. కర్నూలు, నంద్యాల పట్టణాలలో ఆంక్షలు చాలా కఠినంగా ఉండేవి. పంపుసెట్టు మీద తెచ్చిన అప్పు తీరలేదు. మా చెల్లెలి కళాశాల ఫీజు కట్టవలసి ఉన్నది. తాతతో పాటు కాయ దింపే ఆరుగురికి ఆ నెలలో వేరే పని ఏదీ లేదు. చెట్టు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కోయకపోతే రాలుతుంది, కోస్తే ఎక్కడ పెట్టాలి?

అనుమతి పత్రం సంపాదించి, ఒక చిన్న వ్యానులో నేరుగా ఇళ్లకే పండ్లు చేర్చాలన్న ఆలోచన అమ్మీది. మస్జిదులు మూతబడి ఉన్నా, ప్రతి మొహల్లాలో ఎవరో ఒకరు ఫోనులో అందుబాటులో ఉన్నారు. వారి ద్వారా పది కిలోల పెట్టెలకు పేర్లు వచ్చాయి. అయితే వ్యాను వారానికి రెండు మార్లే వెళ్లగలదు. ఒక ప్రయాణానికి, ఇంకొక ప్రయాణానికి నడుమ కాయలను ఆపి ఉంచడమే అసలు సమస్య. బయట 42 డిగ్రీల ఎండ. అంత వేడిలో కాయ సరిగా పండదు. తోలు పచ్చగా, మచ్చలుగా ఉండిపోతుంది, లోపల మాత్రం మెత్తబడి వాసన వస్తుంది. శీతల గిడ్డంగి మా అందుబాటులో లేదు. ఉన్నా దానిలో చోటు దొరికే రోజులు కావవి.

అప్పుడు, ఉద్యానశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషి ఫోనులో ఇటుక గది సంగతి చెప్పారు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980లలో రూపొందించిన పద్ధతి అది. కరెంటు అవసరం లేదు, యంత్రం లేదు. రెండు ఇటుక గోడలు, వాటి నడుమ మూడు అంగుళాల సందు, ఆ సందు నిండా తడి ఇసుక. పైన వెదురు, ఎండుగడ్డితో చేసిన మూత. ఉదయం, సాయంత్రం ఇసుకను నీటితో తడపాలి. ఆ తడి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. ప్రహరీ గోడ కోసం తెప్పించిన ఇటుకలు పెరట్లో అలాగే పడి ఉన్నాయి. రెండు రోజులలో, చెట్ల నీడన, సున్నం సిమెంటు ఏదీ లేకుండా పొడుగాటి తొట్టిలా కట్టుకొన్నాము. లోపల థర్మామీటరు పెడితే మధ్యాహ్నం వేళ బయటికన్నా 12 డిగ్రీలు తక్కువ చూపింది. గాలి కూడా తేమగా ఉండి కాయ తోలు ముడతలు పడలేదు. మా ప్రాంతపు పొడి గాలి ఈ పనికి అనుకూలం. సముద్రతీరపు ఉక్క ఉండే చోట తడి అంత వేగంగా ఆరదు గనుక, ఈ గది అంతగా చల్లబడదు. కోస్తా బంధువులు అడిగినప్పుడు ఆ మాట స్పష్టంగా చెబుతున్నాము.

ఆ నెల రోజులు దాదీమా మాకు మేస్త్రీ. ఆమె కాలంలో కాయలను వరిగడ్డిలో మాగవేసేవారు. గడ్డి పరచి, కాయలు వరుసగా పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, గది తలుపు మూసేవారు. కాయ వదిలే వేడి, దాని నుంచి వచ్చే వాసన గడ్డిలోనే నిలిచి కాయ పండుతుంది. మేము పండకుండా ఆపడానికి చూస్తుంటే, ఆమెకు పండించడం మాత్రమే తెలుసునని మొదట అనుకొన్నాము. రెండూ ఒకటే విద్య అని ఆమెను చూసి తెలుసుకొన్నాము. రోజూ ఫజ్ర్ తరువాత ఆమె ట్రేల మధ్య స్టూలు మీద కూర్చొని, ఒక్కొక్క కాయను తీసి ముచ్చిక దగ్గర వాసన చూసేవారు. తిరిగిన కాయను వెంటనే వేరు చేసేవారు. “చెయ్యి పెట్టని గడ్డిలో కాయ పండదు బేటా, కుళ్లుతుంది” అనేవారు. పండుతున్న కాయ ఇథిలీన్ అనే వాయువును వదులుతుందనీ, అది పక్క కాయలకు తగిలి వాటినీ పండింపజేస్తుందనీ మేము పుస్తకంలో చదివాము. ఆమె ఆ వాయువు పేరు వినలేదు. దాని నడక మాత్రం ఆమెకు తెలుసు.

ఆ ఏడు కాపులో కొంత పోయింది. ఒక రాత్రి గాలివానకు రాలినదే ఎక్కువ. మిగిలినది ఇళ్లకు చేరింది. మే 25న ఈద్ నాటికి అప్పులో ముక్కాలు భాగం తీరింది, ఫీజు కట్టాము. ఆరుగురికీ కూలి రోజూ సాయంత్రం చేతిలో పెట్టగలిగాము.

అసలు పరీక్ష మాత్రం కష్టకాలంలో కాక, మంచి ధర ఉన్న కాలంలో వచ్చింది. 2022లో రమజాన్ ఏప్రిల్ మొదటి వారంలోనే మొదలైంది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పండు లేని ఇల్లు ఉండదు గదా. పట్నాల మార్కెట్లలో ముందుగా వచ్చిన మామిడికి మంచి ధర పలికింది. మా తోటలో ఆ సమయానికి కాయ ఇంకా ముదరలేదు. ఒక వర్తకుడు వచ్చి, మే నెలలో వచ్చే ధరకు ఒకటిన్నర రెట్లు ఇస్తానన్నాడు. “మీరు కోసి ఇవ్వండి చాలు, పండించే సంగతి మేము చూసుకొంటాము” అన్నాడు. ఎలా చూసుకొంటాడో అడగవలసిన అవసరం లేదు. కాయల నడుమ కాగితపు పొట్లాలలో కాల్షియం కార్బైడు పెడతారు. కాయల తేమ తగిలి దాని నుంచి అసిటిలిన్ వాయువు పుడుతుంది. వెల్డింగు దుకాణంలో వాడే వాయువే. అది తోలుకు పసుపు రంగు తెప్పిస్తుంది. ఆ కార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్‌ల జాడలు కలిసి ఉంటాయి. దానితో పండ్లను మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు పూర్తిగా నిషేధించాయి. అయినా ఆ పొట్లం దొరకడం కష్టం కాదు.

మా తమ్ముడు ఒప్పుకొందామన్నాడు. అతని వాదనలో బలం లేకపోలేదు. మేము కోసి ఇవ్వకపోతే పక్క తోటవారు ఇస్తారు, మార్కెట్టుకు ఆ పండు ఎలాగూ చేరుతుంది, నష్టపోయేది మేము మాత్రమే అన్నాడు. అబ్బాజాన్ వాదించలేదు. ఒక కాయ కోసుకురమ్మన్నారు. కత్తితో నిలువునా చీల్చారు. టెంక ఇంకా గట్టిపడలేదు, కండ తెల్లగా ఉంది. “దీని పైన రంగు తెప్పించగలరు బేటా. లోపల తీపి ఎక్కడి నుంచి తెస్తారు? చెట్టు ఇంకా ఇవ్వనే లేదు” అన్నారు. మదీనా బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూసి, లోపలి తడిని జనం చూసేటట్లు పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని నిలదీసిన వృత్తాంతం మాకు చిన్ననాటి నుంచి తెలిసినదే. ఆ రోజు ఎవరమూ దానిని ప్రస్తావించలేదు. కోసిన కాయ బల్ల మీద ఉండగా ప్రస్తావించవలసిన అవసరం కలగలేదు.

వర్తకుడు వెళ్లిపోయాడు. మే మూడవ వారంలో మేము అమ్మినప్పుడు అందరి కాపూ ఒక్కసారిగా వచ్చి ధర బాగా దిగింది. తమ్ముడు ఆ లెక్క ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేస్తాడు. అతని లెక్క తప్పు కాదు. మేమూ కాదనము.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరమనిపిస్తుంది. కార్బైడు మీది భయంతో, గదిలో మాగబెట్టిన ప్రతి పండూ విషమేనని మన వాళ్లలో కొందరు అంటున్నారు. అది సరికాదు. ఇథిలీన్ వాయువు పండు తనంతట తాను పుట్టించేదే. మూసిన గదులలో దానిని పది లక్షల పాళ్లలో 100 పాళ్ల వరకు వాడడానికి నిబంధనలు అనుమతిస్తున్నాయి. ముదిరిన కాయకు అది నిద్ర లేపే పిలుపు వంటిది. లేత కాయకు మాత్రం ఏ వాయువూ తీపిని ఇవ్వలేదు. కాబట్టి ఎలా పండించారని అడగడానికి ముందు, ఎప్పుడు కోశారని అడగాలి. లేతగా కోసిన కాయను ఎంత హలాల్ పద్ధతిలో మాగబెట్టినా అది చప్పగానే ఉంటుంది, త్వరగా ముడుచుకుపోతుంది. కొనేవారు రంగును మాత్రమే చూస్తున్నంత కాలం అమ్మేవారు రంగునే అమ్ముతారు.

పండు నిలువకు, దానధర్మాలకు నడుమ ఉన్న ఒక సంబంధం కూడా తోటే మాకు నేర్పింది. పంట కోసిన రోజునే దాని హక్కును చెల్లించమనీ, వృథా చేయవద్దనీ ఖుర్ఆన్ అన్‌ఆమ్ సూరాలో ఆదేశించింది. హనఫీ విధానంలో పండ్ల మీదా ఉష్ర్ ఉన్నది. వాననీటి పంట అయితే పదవ వంతు, మా తోటలా ఖర్చుపెట్టి నీరు తోడి పెంచినదయితే ఇరవయ్యవ వంతు. ధాన్యాన్ని ఇవ్వడం సులువు, అది ఆరు నెలలు ఆగుతుంది. మామిడి ఆగదు. దానితో ఒక చిక్కు ఉన్నది. అమ్ముడుపోక మెత్తబడినవి, రేపటికి నిలువవని తెలిసినవి పేదల ఇంటికి పంపి, బాధ్యత తీరిందనుకోవడానికి మనస్సు చాలా సులువుగా ఒప్పుకొంటుంది. మీరు కళ్లు మూసుకొంటే గాని పుచ్చుకోని దానిని ఇతరులకు ఇవ్వాలని ఎంచుకోవద్దన్న భావం బఖరా సూరాలో ఉన్నది. అందువల్ల మా ఇంట ప్రతి కోత రోజున, అమ్మే పెట్టెలు నింపడానికి ముందే, ఇరవైకి ఒకటి చొప్పున ట్రేలు పక్కకు తీస్తారు. అవి పచ్చి కాయలే. పుచ్చుకొన్న ఇల్లాలు తనకు అనువైన రోజున మాగవేసుకొని, రోజుకు రెండు చొప్పున వారం పాటు పిల్లలకు పెట్టుకోవచ్చు. పండిన గంప ఒక్కసారిగా ఇస్తే ఆమె ఆ సాయంత్రమే ఊరంతా తిరిగి పంచుకోవలసి వస్తుంది. అమ్మీ ఈ తేడాను గమనించి చెప్పేదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

బజారు నుంచి పెట్టె తెచ్చుకొనే ఇళ్ల నుంచి మాకు తరచూ వచ్చే ప్రశ్న ఫ్రిజ్ గురించి. గట్టిగా ఉన్న కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి. మామిడి వేడి నేల చెట్టు. ముదిరిన పచ్చి కాయకు అనువైన చలి 12, 13 డిగ్రీలు. ఆ చలిలో పెద్ద గిడ్డంగులలో రెండు మూడు వారాలు ఆగుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండే చలి అంతకన్నా చాలా ఎక్కువ. ఆ చలికి కాయ లోపల దెబ్బతిని, తోలు బూడిదరంగు తిరిగి, బయటకు తీసినా ఇక పండదు. అరటిపండు ఫ్రిజ్‌లో నల్లబడేదీ ఇందుకే. మామిడిని ముందు బయట, గాలి ఆడే నీడలో, ఒకదాని మీద ఒకటి పడకుండా పరచి పండనిచ్చి, పండిన తరువాతనే ఫ్రిజ్‌లో పెట్టుకొంటే నాలుగైదు రోజులు రుచి చెడదు. తొందరగా కావాలంటే రెండు కాయలను ఒక పండిన అరటిపండుతో కలిపి డబ్బాలో మూయండి. ఆగాలంటే అరటికి, బొప్పాయికి దూరంగా ఉంచండి. చుట్టడానికి వార్తాపత్రికలు వద్దు, వాటి సిరా ఆహారానికి తగలరాదు. తెల్ల కాగితమో, ఎండుగడ్డో చాలు.

పండిన తరువాత తోలు మీద పొడచూపే నల్ల చుక్కల గురించి కూడా అడుగుతుంటారు. అది మచ్చ తెగులు. దాని బీజం పూత, పిందె నాడే కాయను చేరి, పచ్చిగా ఉన్నంత కాలం నిద్రపోయి, పండగానే లేస్తుంది. పైపైన కడిగితే పోదు. ఇప్పుడు మేము కోసిన రోజునే కాయలను 52 డిగ్రీల వేడినీటిలో 5 నిమిషాలు ముంచి, చల్లార్చి, ఆరబెడుతున్నాము. థర్మామీటరు లేకుండా ఈ పని చేయరాదు. వేడి కాస్త మీరితే కాయ ఉడుకుతుంది.

ఎంత చేసినా జూన్ మొదటి వానలకు కొన్ని పండ్లు మిగులుతాయి. అవి ఇక ఆగవు. వాటి కోసం దాదీమా నేర్పిన పనిని ఇప్పుడు అమ్మీ చేస్తున్నారు. బాగా పండిన వాటి రసం పిండి, పీచు లేకుండా వడగట్టి, కొంచెం బెల్లం కలిపి, నెయ్యి రాసిన చాప మీద పలుచగా పూస్తారు. ఆ పొర ఎండిన తరువాతనే దాని మీద ఇంకొక పొర. తొందరపడి తడి మీద తడి పూస్తే లోపల పులుస్తుంది. వాన మబ్బు కనబడగానే చాపలు మేడ దిగాలి, ఎండ రాగానే ఎక్కాలి. ఇంట్లో ఉన్న పిల్లలందరికీ ఆ వారాలలో అదే ఉద్యోగం. పొర మీద పొర చేరి వేలెడు మందం అయ్యాక, ముక్కలుగా కోసి, సీసాలో పెట్టి మూత బిగిస్తారు. నీరు పోయింది గనుక బూజుకు అక్కడ చోటు లేదు.

రమజాన్ ఇప్పుడు వెనక్కి జరిగి ఫిబ్రవరి, మార్చి నెలలలో వస్తున్నది. మామిడి తోట పూతలోనో, పిందెలోనో ఉండే కాలం. వర్తకులు తొందరపెట్టడానికి చెట్టున ఏమీ ఉండదు. 2025లో ఇఫ్తార్‌కు పండ్ల పళ్లెంలో అమ్మీ ఖర్జూరాల పక్కన తాండ్ర ముక్కలు పెట్టారు. కిందటి జూన్‌లో మేడ మీద ఎండినవి. తమ్ముని చిన్న కూతురు ఒక ముక్క నోట్లో వేసుకొని, ఇది ఏ చెట్టుదని అడిగింది. అబ్బాజాన్ ఆలోచించి, బావి పక్కన ఉన్నదానిదై ఉంటుందన్నారు.